ఎవరి తాలూకండీ?

పోయిన వారం మనం శ్రీసత్యని రాజుగారి మకాం అరుగు మీద, ముక్కు విరిగిన చిలక ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం ఆ పిల్ల రాత్రంతా అలాగే నిలబడి ఉందేమోనని కంగారు పడకండి. అన్నం తిని పడుకుంది. నిద్ర మాత్రం సరిగ్గా పట్టలేదు.

ఈ వారమే కొత్తగా మనతో కలిసినవాళ్ళకి కాస్త వెనకటి సంగతి. శ్రీసత్యది విశాఖపట్నం. కళ్ళజోళ్ళ షాపులో వచ్చినవాళ్ళ చూపు పరీక్ష చేసే ఉద్యోగం. తల్లి నాగదుర్గ జాకెట్లు కుట్టి పెంచింది. తండ్రి పేరు సూర్యరాజు అనీ, నువ్వు ఉయ్యాల్లో ఉండగానే పోయాడనీ తల్లి చెప్పింది. అంతకు మించి అడిగితే ఇంట్లో పొయ్యి వెలిగేది గానీ మాటలుండేవి కావు. తండ్రి గుర్తుగా మిగిలింది ఒకే ఒక్క ఫోటో. అందులో ఓ కుర్రవాడు టేకు స్తంభానికి ఆనుకుని నవ్వుతుంటాడు. స్తంభం మీద చెక్కిన చిలకకి ముక్కు విరిగి ఉంటుంది. మొన్నామధ్య ఫోన్లో ఏదో యాప్ తిప్పుతుంటే, మొగల్తూరు దగ్గర చెరువుల మధ్య పాతకాలపు మకాం, బెడ్డూ బ్రేక్‌ఫాస్టూ దొరుకును అన్న ప్రకటనలో ఆ స్తంభమే, ఆ చిలకే కనిపించాయి. రాజమండ్రిలో ట్రైనింగ్ ఉందని తల్లికి చెప్పి బస్సెక్కేసింది.

వచ్చిన పని ఒక్కటే. ఆ ఫోటోలో మనిషి ఈ ఇంటివాడేనా, అయితే తల్లి తప్ప తనకంటూ ఇంకో మనిషి ఈ లోకంలో ఉన్నాడా లేడా అన్నది తేల్చుకోవాలి. ఎదురుగా అడిగేయొచ్చు కదా అంటారు మీరు. అడిగితే, అలాంటివాళ్ళు మాకెవరూ లేరమ్మా అనేస్తారేమోనని ఆ పిల్ల భయం. ఆ మాట ఒక్కసారి విన్నాక ఆ ఫోటో వంక చూసుకోవడం కూడా తన వల్ల కాదు. అందుకని గెస్టులాగే ఉండి, చూసి, విని, కుదిరితే అడుగుదామనుకుంది.

నిన్న సాయంత్రం ముసురులో ఆటో దిగింది. మెట్ల పక్కన గోలెంలో నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కుని, ఇత్తడి చెంబు మెట్టు మీద బోర్లించి, అరుగెక్కింది. ఇంటావిడ జానకీదేవి కళ్ళజోడు పైకి తోసుకుని ఆ పిల్లని ఎగాదిగా చూసింది. అరవై దాటిన మనిషి, నేత చీర, మెడలో సన్నటి గొలుసు. "మీరు అడిగింది మేడ గదేనండి. కానీ అందులో వాన చుక్క పడుతోంది. కింద ధాన్యం గది కడిగించి ఉంచాను. ఏమీ అనుకోకండేం," అంది. శ్రీసత్య ఏమీ అనుకోలేదు. అదే పొరపాటు.

ఇక ఇవాళ్టి కథ.

తెల్లవారేసరికి వాన వెలిసింది. అరుగు మీద బల్ల వేసి దిబ్బరొట్టె పెట్టింది జానకీదేవి. పైన కరకరలాడుతూ, లోపల దూదిలా ఉంది. పక్కనే గిన్నెలో చెరకు పానకం. చుట్టూ చేపల చెరువుల్లో నీళ్ళకి గాలి కలిపే ఏరేటర్లు గిరగిరా తిరుగుతున్నాయి. శ్రీసత్య ఒక ముక్క తుంచి పానకంలో ముంచిందో లేదో, గేటు తీసుకుని పొరుగింటి వీరవేణి వచ్చింది.

వీరవేణి కరివేపాకు కోసం వచ్చింది. అంటే వాళ్ళింట్లో కరివేపాకు చెట్టు లేక కాదు. ఈ ఇంట్లో కొత్త మొహం కనిపించినప్పుడల్లా ఆవిడ పోపులోకి కరివేపాకు నిండుకుంటుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్ళో వాడుక.

"ఎవరి తాలూకండీ, ఈ అమ్మాయిగారు?" అంది, శ్రీసత్య కంచం దగ్గర్నుంచి చెవి దిద్దుల దాకా చూపు తిప్పి.

గోదావరి జిల్లాల్లో మనిషిని పేరడగడం రెండో ప్రశ్న. ముందు ఎవరి తాలూకో తేలాలి. ఇప్పుడు కుర్రాళ్ళు బండి నంబరు ప్లేటు మీద కూడా మేము ఫలానావారి తాలూకా అని రాయించుకుని మరీ తిరుగుతున్నారు. శ్రీసత్య చిన్నప్పటి నుంచీ ఆ ప్రశ్నని తప్పించుకుంటూనే వచ్చింది. జవాబు ఉంటే కదా చెప్పడానికి! రొట్టె ముక్క నోట్లో ఉండగానే, నేను గెస్టునండీ అనబోయింది.

ఈలోగా జానకీదేవి గిన్నెలో మరికాస్త పానకం పోస్తూ, "మా మరిదిగారి అమ్మాయండి. సూర్యరాజుగారి తాలూకు," అంది.

రొట్టె ముక్క శ్రీసత్య గొంతులో అడ్డం పడింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. గ్లాసుడు నీళ్ళు గటగటా తాగింది. దొంగతనంగా వచ్చిన మనిషి కదా, తేలు కుట్టిన దొంగలా కూర్చోవలసి వచ్చింది. తన పేరు తప్ప ఇక్కడ ఎవరికీ ఏమీ చెప్పలేదే! ఈవిడ ఇంత మామూలుగా, పానకం పోస్తూ, ఉప్పు చాలిందా అన్నట్టు చెప్పేసిందేంటి?

వీరవేణి చెయ్యి బుగ్గ మీదకి వెళ్ళింది. "సూర్యరాజుగారి..." అంటూ ఆగిపోయింది. జానకీదేవి వంక ఒకసారి, పిల్ల వంక ఒకసారి చూసింది. "ఉంటానండీ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను," అని చరచరా వెళ్ళిపోయింది. కరివేపాకు కోసుకోనే లేదు.

గేటు పడేదాకా ఆగి శ్రీసత్య అడిగింది. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అలా ఎందుకు చెప్పారండీ?"

"ఏం చెప్పాను?"

"నేను... మీ మరిదిగారి కూతుర్నని."

జానకీదేవి నవ్వింది. కుర్చీ లాక్కుని కూర్చుని, పమిట చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

"మీరేం అనుకోకండమ్మా. ఈ ఇంట్లో అన్నం అమ్మకూడదు. మావారు పోయే ముందు అడిగింది అదొక్కటే. ఇల్లు అద్దెకిచ్చుకో, అరుగు అద్దెకిచ్చుకో, మెతుకు మాత్రం అమ్మకు అన్నారు. మా అబ్బాయి శ్రీనివాసరాజేమో భీమవరంలో కూర్చుని కంప్యూటర్లో బ్రేక్‌ఫాస్ట్ అని పెట్టేశాడు. ఇంటికొచ్చిన మనిషికి పెట్టకుండా ఎలాగూ ఉండలేను. పెట్టి డబ్బు తీసుకోలేను. అందుకని బెడ్డుకే డబ్బులండి. బ్రేక్‌ఫాస్టు చుట్టరికం."

"చుట్టరికమా?"

"మరి! ఈ బల్ల మీద తిన్నవాళ్ళందరూ మాకు చుట్టాలే. గదిని బట్టి వరస. మేడ గదిలో దిగితే ధవళేశ్వరం మేనమామగారి తాలూకు. తూర్పు గదిలో దిగితే పిఠాపురం పిన్నిగారి తాలూకు. ఊళ్ళోవాళ్ళకీ తెలుసులెండి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు వాళ్ళూ వింటారు, నేనూ చెప్తాను."

ఆ వరసల కథలు ఒకదాని మీద ఒకటి చెప్పుకుపోయింది. పోయిన శీతాకాలం ఫ్రాన్సు నుంచి పిల్లి గడ్డం ఆయన ఒకడు తూర్పు గదిలో దిగాడు. గది ప్రకారం ఆయన పిఠాపురం పిన్నిగారి తాలూకు అవ్వాలి. ఆ మొహానికి ఇంకే వరసా కుదరక, పిన్నిగారి అల్లుడండి, అమ్మాయి అక్కడ చదువుకుంటూ చేసుకుంది అని చెప్పేసింది జానకీదేవి. అల్లుడు వట్టి చేతులతో వెళ్ళకూడదని వీరవేణి చీరా జాకెట్టు గుడ్డా పట్టుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన అది కండువా అనుకుని మెడలో వేసుకుని రైలెక్కాడు.

ఇంకో రోజైతే శ్రీసత్య పడీ పడీ నవ్వేది. ఇవాళ పెదవులు కదిలాయంతే. "మరి ధాన్యం గది?" అంది.

"ధాన్యం గదా?" జానకీదేవి లేచి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. "అది... మా మరిదిగారి తాలూకు. అంతే."

అంతేనట. గదికి తాళంచెవి ఇచ్చినట్టే తండ్రినీ ఇచ్చారన్నమాట. మంచం, దుప్పటి, తండ్రి, మూడూ రెండు రోజులకి. శ్రీసత్యకి ఏడుపొచ్చింది. వెంటనే తన మీద తనకే కోపం వచ్చింది. అంతలోనే ఇంకో ఆలోచన తగులుకుంది. వరస ఉత్తదే అనుకో, సూర్యరాజన్న పేరున్న మరిది నిజంగా ఉన్నట్టే కదా? లేక ధవళేశ్వరం మేనమామలాగా ఆయన కూడా గది కోసం పుట్టిన చుట్టమా? ఎటు లాగినా దారం చిక్కుపడేదే గానీ కొస దొరకడం లేదు. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఊరివాళ్ళ చూపు సరిచేసే పిల్లకి ఎదురుగా ఉన్నది ఏమిటో ఆనడం లేదు.

ఫోను మోగింది. తల్లి.

"తిన్నావా?" అంది నాగదుర్గ. ఆవిడ మొదటి మాట ఎప్పుడూ అదే.

"తిన్నానమ్మా. నీ కాలెలా ఉంది?"

"వాపు తగ్గలేదే. డాక్టరు రాసిచ్చిన మందు రాస్తున్నా. మట్టెలు ఒరుసుకుపోతున్నాయి."

"తీసెయ్యమ్మా వాటిని. ఎన్నిసార్లు చెప్పాను?"

"బిగుసుకుపోయాయి, రావు. ఉండనీలే." ఎప్పటిలాగే ఆ మాట అక్కడికి తుంచేసింది. "అక్కడ ఏం పెట్టారు టిఫిను?"

"దిబ్బరొట్టె. పానకంతో," అనేసి శ్రీసత్య నాలిక కరుచుకుంది.

"ట్రైనింగులో పానకం పోస్తున్నారా?" అంది తల్లి. జవాబు కోసం ఆగకుండానే పెట్టేసింది.

మనసు కుదురుగా లేకపోతే కాళ్ళు కుదురుగా ఉండవు. శ్రీసత్య ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, మేడ మెట్ల దగ్గరికి వచ్చింది. పైన మేడ గదిలో గంగరాజు పరుపులు దులుపుతున్నాడు. మకాం పనులన్నీ చూసుకునే నడివయసు మనిషి, నవ్వు మొహం.

"వాన నీళ్ళు బాగా పడ్డాయా గంగరాజుగారూ?"

"ఏ నీళ్ళండీ?"

"గదిలో చుక్క పడుతోందన్నారు అమ్మగారు."

గంగరాజు తలెత్తి కప్పు వంక చూశాడు. శ్రీసత్య కూడా చూసింది. దూలాలు పొడిగా ఉన్నాయి. గోడ మీద చెమ్మ మరక కూడా లేదు. "ఆయ్, లేదండి. ఎండాకాలంలోనే పెంకంతా సర్దించేశాం కదండీ. నిన్నంత ముసురులో కూడా ఒక్క చుక్క దిగలేదు."

"మరి ధాన్యం గదిలో దిగినవాళ్ళందరూ..."

"ధాన్యం గదిలోనా? అందులో ఎవర్నీ దింపరండి. ఎప్పుడూ తాళమే. నిన్న మీరు అరుగు మీద కాఫీ తాగుతున్నప్పుడు అమ్మగారు వెనక్కొచ్చి, గబగబా ఆ గది కడిగెయ్ గంగరాజూ అన్నారండి. ఆ తాళంచెవి ఆవిడ దగ్గరుందని నాకే తెలీదు. బొడ్లోంచి తీసిచ్చారు."

శ్రీసత్య గబగబా మెట్లు దిగింది. గది ముందే కడిగించి ఉంచానని కదా ఆవిడ అన్నది! చుక్క పడటం అబద్ధం, గదికో వరస అన్నదీ అబద్ధం. మరి ఇన్ని అబద్ధాలూ ఏ నిజం కోసం? ఆవిడకి తెలుసా? తెలిస్తే ఎంత తెలుసు? తెలిసి నవ్వుతూ ఫ్రాన్సు అల్లుడి కథలు ఎలా చెప్పగలిగింది?

జానకీదేవి చిలక స్తంభం దగ్గర చాప వేసుకుని, చింతపండులో పిక్కలు తీస్తోంది. శ్రీసత్య ఎదురుగా, వాకిలికి వీపు పెట్టి కూర్చుంది. భయం పోలేదు గానీ, భయం కంటే తికమక పెద్దదైపోయింది.

"మేడ గదిలో చుక్క పడటం లేదండి."

ఆవిడ ఇంకో పిక్క తీసి పక్కన పడేసింది.

"ధాన్యం గదిలో నాకంటే ముందు ఎవరు దిగారండీ?"

జానకీదేవి చేతిలో చింతపండు పళ్ళెంలో పెట్టింది. వేళ్ళు తుడుచుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో అండీ లేదు, అమ్మాయిగారూ లేదు.

"మీ అమ్మ," అంది.

చెరువుల్లో ఏరేటర్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"పెళ్ళి చేసుకుని తిన్నగా ఇక్కడికే తీసుకొచ్చారు మా మరిదిగారు. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. రాజుల ఇంటికి దుర్గ ఎలా కోడలవుతుందని మా అత్తగారు అన్నం మానేశారు. ఆ ఏడు ధాన్యం వేరే చోట పోయించి, ఆ గది నేనే సర్ది ఇచ్చాను. నాకు తోడుగా ఉండేది. ఎనిమిది నెలలు ఉంది."

"నేనని... మీకెలా తెలిసింది? నా మొహం చూసా?"

"మొహం మీ అమ్మది కాదు, నాన్నది కాదు. ఎవరిదో!" అని కాస్త నవ్వబోయి, నవ్వలేకపోయింది. "నిన్న కాళ్ళు కడుక్కుని చెంబు బోర్లించావు. మా అత్తగారి చిన్నతనంలో చెంబులో తేలు దూరిందట. అప్పట్నుంచి ఈ ఇంట్లో చెంబు బోర్లించాలి. దుర్గకి నేనే నేర్పాను. ఎక్కడెక్కడి నుంచో వస్తారు జనం, ఎంతెంతో చదువుకున్నవాళ్ళు. చెంబు ముంచుతారు, అక్కడ పడేసి వస్తారు. ఇన్నేళ్ళలో బోర్లించింది నువ్వొక్కత్తివే."

విశాఖపట్నంలో మూడో అంతస్తు ఫ్లాటు. తేలెక్కడొస్తుంది అక్కడికి? అయినా తల్లి బాత్రూములో ప్లాస్టిక్ మగ్గు కూడా బోర్లించేది. బోర్లించకపోతే కేకలేసేది. శ్రీసత్య దాన్ని శుభ్రం అనుకుంది ఇన్నాళ్ళూ. ఈ ఇంటిని తలుచుకోనే తలుచుకోని మనిషి, రోజుకి నాలుగుసార్లు ఈ ఇంటి పని చేసింది!

"అయితే పొద్దున్న ఆవిడతో చెప్పింది..."

"నిజమే చెప్పాను. అబద్ధాలు చెప్పీ చెప్పీ, ఇవాళ ఒక్క నిజం చెప్తే నువ్వే నమ్మలేదు. నువ్వడిగేసరికి గుండె జారిపోయి, ఆ గదుల కథ చెప్పేశాను. ఏం తెలిసి వచ్చావో, ఏం తెలియకుండా వచ్చావో! కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు." కొంచెం ముందుకు వంగింది. "దుర్గ నీకేం చెప్పింది?"

"నాన్న చనిపోయారని. నేను ఉయ్యాల్లో ఉండగా."

జానకీదేవి తన కాళ్ళ వంక చూసుకుంది. మట్టెలు తీసేసిన వేళ్ళ మీద నొక్కులు ఇంకా తెల్లగా కనిపిస్తున్నాయి.

"ఒక్క మాట చెప్పు. మీ అమ్మ మట్టెలు తీసేసిందా?"

"లేదు." శ్రీసత్యకి ముందు అర్థం కాలేదు. "బిగుసుకుపోయాయట. రావట."

"బిగుసుకుపోతే కోయించి తీస్తారమ్మా. మీ పెదనాన్నగారు పోయిన పదో రోజున నావి అలాగే తీశారు." ఆవిడ కళ్ళు నిండిపోయాయి. "నోటితో నీకు అబద్ధం చెప్పింది గానీ, కాళ్ళకి చెప్పలేకపోయింది మీ అమ్మ."

పెదనాన్నగారు అన్న మాట శ్రీసత్యకి ఆలస్యంగా అందింది. మట్టెల సంగతి ఇంకా ఆలస్యంగా అందింది. అందాక, తల్లి మీద ఇదివరకెప్పుడూ రానంత కోపం వచ్చింది. ఆ కోపం అడుగున సంతోషం లాంటిది ఏదో కదిలింది. దాన్ని నమ్మాలంటే భయం వేసింది. ఇన్నేళ్ళూ అడుగడుగునా ఆ మట్టెల చప్పుడు వింటూ పెరిగిందే, ఒక్కసారి కూడా తట్టలేదే!

"అయితే ఆయన..."

"ఆయనకీ నాకూ మాటల్లేవు. దుర్గ ఈ మెట్లు దిగిన రోజు నుంచీ లేవు. ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తింది ఇవాళే. వీరవేణికి తెలుసు. అందుకే కరివేపాకు కూడా మర్చిపోయి పరుగెత్తింది." జానకీదేవి చింతపండు పళ్ళెం పక్కకి జరిపింది. "నాకు మాటల్లేకపోతేనేం, వీరవేణికి ఉన్నాయిగా. ఎవరి చెవిన పడాలో వాళ్ళ చెవిన పడుతుందనే చెప్పాను."

"ఎవరి చెవిన? ఎక్కడున్నారు?"

గేటు కిర్రుమంది.

"జానకమ్మగారూ, కరివేపాకు మర్చిపోయానండీ," అంది వీరవేణి. ఎప్పుడూ గేటు దగ్గర్నుంచే అరిచే మనిషి, గుడిలో మాట్లాడినంత మెల్లగా అంది. ఆవిడ వెనక ఇంకో జత చెప్పుల చప్పుడు వాకిలి దాటి వచ్చి, మెట్ల దగ్గర ఆగింది.

జానకీదేవి మొహంలో రక్తం లేదు. శ్రీసత్య వెనక్కి తిరిగి చూడాలనుకుంది. మెడ తిరగలేదు. ఎదురుగా ఉన్న ముక్కు విరిగిన చిలక వంకే చూస్తూ కూర్చుంది.

గోలెంలో చెంబు ముంచిన చప్పుడు. కాళ్ళ మీద నీళ్ళు పడ్డ చప్పుడు. ఆ తర్వాత, రాతి మెట్టు మీద ఇత్తడి అంచు టంగున తగిలింది. వచ్చిన మనిషి చెంబు బోర్లించాడు.